డాట్‌నెట్ లినక్స్ మీదికి ఎట్లా వచ్చింది? కథ 2014లో కాదు, 2002లో మొదలైంది

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, హిస్టరీ ఉంది. కానీ కోడ్ తెలిసినవాళ్లకి ఇంకొంచెం ఎక్కువ మజా వస్తుంది.

మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల సీఈఓ అయ్యాడు, లినక్స్ అంటే మండిపడే మైక్రోసాఫ్ట్ మనసు మార్చుకుంది, డాట్‌నెట్ లినక్స్ మీదికి వచ్చేసింది. ఈ కథ మీరు ఏదో ఒక రీల్‌లో చూసే ఉంటారు. అబద్ధమని నేను అనను. కానీ అందులో ఒక పెద్ద చిల్లు ఉంది. మైక్రోసాఫ్ట్ తనే రాసి విడుదల చేసిన డాట్‌నెట్ రన్‌టైమ్ ఒక ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద 2002లోనే నడిచింది. సత్య సీఈఓ అయింది 2014 ఫిబ్రవరిలో. పని అంత ముందే అయితే, మనదాకా రావడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? ఇవ్వాళ చెప్పుకునేది అదే.

ముందు రన్‌టైమ్ అంటే ఏంటో ఒక్క మాటలో తేల్చేద్దాం. మన సాగర్ రోడ్డు మీద ఫంక్షన్ హాళ్లకు లెక్కే లేదు కదా. ఒక పెళ్లికి వంటమాస్టర్‌ని మాట్లాడుకున్నారనుకోండి. మీరు ఇచ్చే మెనూ చీటీ, అది ప్రోగ్రామ్. చీటీ చదివి వండిపెట్టే మాస్టర్, ఆయన రన్‌టైమ్. ఆయన నిలబడి పనిచేసే వంటశాల, అది ఆపరేటింగ్ సిస్టమ్. చీటీ ఎక్కడైనా ఒకటే. పులిహోర అంటే పులిహోరే. కానీ ఫంక్షన్ హాల్లో గ్యాస్ పొయ్యి మీద అలవాటైన మాస్టర్‌ని ఊళ్లో కట్టెల పొయ్యి ముందు నిలబెడితే, మంట తగ్గించడానికి తిప్పే నాబ్ ఎక్కడుందని వెతుక్కుంటాడు. మాస్టర్‌కి ఆ కొత్త వంటశాల అలవాటు చేయించడమే పోర్టింగ్. ఒక్కసారి మాస్టర్‌కి అలవాటైతే చాలు, వెయ్యి చీటీలు మార్చకుండానే నడుస్తాయి. అందుకే ఒక్కొక్క యాప్‌ని పోర్ట్ చేయడం వేరు, రన్‌టైమ్‌ని పోర్ట్ చేయడం వేరు.

ఇదేదో సర్వర్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. సబ్‌వే సర్ఫర్స్ ఆడారా? పోకీమాన్ గో? రెండూ యూనిటీ ఇంజిన్‌తో చేసినవే. యూనిటీలో గేమ్ లాజిక్ రాసేది సీ షార్ప్‌లో. మైక్రోసాఫ్ట్ కనిపెట్టిన ఒక భాష, లినక్స్ కెర్నల్ మీద నడిచే మీ ఆండ్రాయిడ్ ఫోన్ జేబులోకి ఎట్లా దూరింది? ఆ దారి వేసింది మైక్రోసాఫ్ట్ కాదు. దాని సంగతి కొంచెం ఆగి చెప్తాను.

వెనక్కి, 1990లలోకి పోదాం. సన్ మైక్రోసిస్టమ్స్ అనే కంపెనీ 1995లో జావాని ప్రపంచానికి చూపించింది. ఒక్కసారి రాయి, ఎక్కడైనా నడుపు అన్నది దాని మాట. విండోస్ అమ్ముకునే మైక్రోసాఫ్ట్‌కి ఈ మాట చేదుగా ఉండదా మరి? ప్రోగ్రామ్ ఎక్కడైనా నడిస్తే ఇక విండోసే కొనాల్సిన పనేముంది? మైక్రోసాఫ్ట్ జావా లైసెన్స్ తీసుకుంది, విండోస్‌లో మాత్రమే పనిచేసే ముక్కలు దానికి తగిలించింది. 1997 అక్టోబరులో సన్ కోర్టుకెక్కింది. 2001 జనవరిలో రాజీ కుదిరి, మైక్రోసాఫ్ట్ 2 కోట్ల డాలర్లు కట్టింది. ఇంకో తమాషా చెప్పనా? సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరకముందు పనిచేసింది ఈ సన్ మైక్రోసిస్టమ్స్‌లోనే.

ఈ గొడవ నడుస్తుండగానే మైక్రోసాఫ్ట్ తన సొంత రన్‌టైమ్ తయారుచేసుకుంది. 2000 జూన్‌లో డాట్‌నెట్ అని ప్రకటించింది, 2002 ఫిబ్రవరిలో మొదటి వెర్షన్ వదిలింది. సీ షార్ప్ భాష దాంతోపాటే వచ్చింది.

ఇక్కడే మన హైదరాబాద్ కథలోకి వస్తుంది. సత్య వల్ల కాదు, అంతకుముందే. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. హైటెక్ సిటీలో కూర్చుని ఆ టీమ్ చేసిన పనుల్లో ఒకటి విజువల్ జే షార్ప్. అంటే ఏంటి? జావా భాషలాగే కనిపించే కోడ్‌ని డాట్‌నెట్ రన్‌టైమ్ మీద నడిపించే ప్రోడక్ట్. అంతకుముందు మైక్రోసాఫ్ట్ వాళ్ల విజువల్ జే ప్లస్ ప్లస్ నమ్ముకుని కోడ్ రాసినవాళ్లు, సన్ కేసు తర్వాత నడిరోడ్డు మీద నిలబడ్డారు. వాళ్లకి డాట్‌నెట్‌లోకి దారి చూపించాలి. సన్ కోడ్ వాడకుండా, జావా 1.1.4 స్థాయి లైబ్రరీలకు సమానమైనవి మొత్తం సొంతంగా రాశారు. 2002లో బయటికొచ్చింది. ఆ లైబ్రరీ పని చిన్నదేం కాదు. ఒక మెథడ్ ఇచ్చే జవాబు అసలు జావాలో వచ్చినట్టే రావాలి, లేకపోతే పాత ప్రోగ్రామ్ తిరగబడుతుంది. అంత కష్టపడ్డ ప్రోడక్ట్ మీద 2007 జనవరిలో మైక్రోసాఫ్ట్ షట్టర్ దించేసింది. కొత్త వెర్షన్లు ఇక రావని చెప్పింది. ఇవ్వాళ జే షార్ప్ పేరు చెప్తే ఇంజనీరింగ్ పిల్లలు అది ఉందా అని అడుగుతారు.

జే షార్ప్‌ని ఎందుకింత సాగదీస్తున్నానంటే, అప్పటి మైక్రోసాఫ్ట్ బుర్ర ఎట్లా పనిచేసేదో అందులో కనిపిస్తుంది. పక్కూరి జనాన్ని మన బావి దగ్గరికి రప్పించు. మన నీళ్లు పక్కూరికి మాత్రం పోనియ్యకు. భాషల్ని తన రన్‌టైమ్ మీదికి తెచ్చుకోవడం ఇష్టమే. తన రన్‌టైమ్ వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీదికి పోవడం, అది ఇష్టం లేదు.

మరి 2002లో ఫ్రీబీఎస్‌డీ మీద నడిచిందన్నాను కదా, అదెట్లా? ఇదే ఈ కథలో నాకు బాగా నచ్చిన చోటు.

2001 జూన్ నెలని ఒకసారి ఊహించుకోండి. నెల మొదట్లో అప్పటి సీఈఓ స్టీవ్ బాల్మర్ ఒక అమెరికన్ పేపర్ ఇంటర్వ్యూలో లినక్స్‌ని క్యాన్సర్‌తో పోల్చాడు. ఆయన కోపం జీపీఎల్ లైసెన్స్ మీద. జీపీఎల్ కోడ్‌ని మీ ప్రోడక్ట్‌లో కలిపి బయటికి ఇస్తే, ఆ మొత్తం సోర్స్ కూడా ఇవ్వాలి కదా, అదీ బాధ. అదే నెల ఆఖర్లో అదే కంపెనీ, కోరెల్ అనే కంపెనీతో కలిసి డాట్‌నెట్ రన్‌టైమ్ సోర్స్ కోడ్‌ని విండోస్‌కీ ఫ్రీబీఎస్‌డీకీ తెస్తామని ప్రకటించింది. ఫ్రీబీఎస్‌డీ కూడా ఓపెన్ సోర్సే. కానీ దాని లైసెన్స్ సాధువు లాంటిది. తీసుకెళ్లు, మార్చుకో, తిరిగి ఇవ్వకపోయినా పర్లేదు అంటుంది. లినక్స్‌ని వదిలి ఫ్రీబీఎస్‌డీని పట్టుకోవడానికి కారణం టెక్నాలజీ కాదు, ఈ లైసెన్సే అని నా అంచనా.

ఆ ప్రాజెక్టు ముద్దుపేరు రోటర్. 2002 నవంబరులో 1.0 వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ, ఫ్రీబీఎస్‌డీ రెండింటి మీదా బిల్డ్ అయ్యేది, మాక్ మీద కూడా. సీ షార్ప్ కంపైలర్ ఉంది, రన్‌టైమ్ ఉంది, సోర్స్ మొత్తం చదువుకోవచ్చు. ఇంకేం కావాలి అంటారా? లైసెన్స్ కింద ఉన్న షరతు చదవండి. వ్యాపారానికి వాడకూడదు. చదువుకో, రీసెర్చ్ చేసుకో, అంతే. పైగా అసలు ప్రోడక్ట్‌లో ఉండే మంచి జిట్ కంపైలర్, మంచి గార్బేజ్ కలెక్టర్ తీసేసి, వాటి చోట సింపుల్‌వి పెట్టారు. బండి చూపించారు, తాళంచెవి ఇచ్చారు, కానీ కాంపౌండ్ దాటకు అన్నారు.

రోటర్‌ని ముందుండి నడిపిన డేవిడ్ స్టట్జ్ 2003 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ నుంచి వెళ్లిపోయాడు. పోతూ పోతూ ఒక బహిరంగ లేఖ రాశాడు. ఓపెన్ సోర్స్‌ని పట్టించుకోకపోతే ముందుముందు దెబ్బతింటాం అన్నది దాని సారం. లోపలి మనిషికి 2003లోనే అర్థమైంది అన్నమాట.

సరే, మైక్రోసాఫ్ట్ తాళం వేసుకుని కూర్చుంది. బయటివాళ్లు కూర్చోలేదు. డాట్‌నెట్ రన్‌టైమ్ ఎట్లా పనిచేయాలో చెప్పే స్పెసిఫికేషన్‌ని 2001 డిసెంబరులో ఎక్మా అనే స్టాండర్డ్స్ సంస్థ ఆమోదించింది. అంటే రూల్‌బుక్ పబ్లిక్. రూల్‌బుక్ చూసి ఎవరైనా సొంతంగా రాసుకోవచ్చు. 2001 జులైలోనే మెక్సికో కుర్రాడు మిగెల్ డి ఇకాజా, జిమియన్ అనే చిన్న కంపెనీ నుంచి మోనో ప్రాజెక్టు ప్రకటించాడు. 2004 జూన్ 30న మోనో 1.0 వచ్చింది. లినక్స్ మీద సీ షార్ప్ నడిచింది, అదీ వ్యాపారానికి వాడుకునే హక్కుతో సహా.

మోనో వాళ్లు పడ్డ కష్టాలు చూస్తే జాలేస్తుంది. ఒకవైపు మైక్రోసాఫ్ట్ ఎప్పుడు పేటెంట్ కేసు వేస్తుందో అన్న భయం. ఇంకోవైపు సొంత మనుషుల తిట్లు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 2009లో సీ షార్ప్ మీద ఆధారపడొద్దని హెచ్చరిక రాశాడు. జిమియన్‌ని నోవెల్ కొన్నది, నోవెల్‌ని 2011లో అటాచ్‌మేట్ కొన్నది, కొనగానే మోనో టీమ్‌ని ఇంటికి పంపింది. వాళ్లు అదే ఏడాది మే నెలలో జామరిన్ అని కొత్త కంపెనీ పెట్టుకుని, ఆండ్రాయిడ్, ఐఫోన్ మీద సీ షార్ప్ నడిపే పని పట్టుకున్నారు. యూనిటీ తన ఇంజిన్‌లో పెట్టుకున్నదీ మోనోనే. మీ ఫోన్‌లోకి సీ షార్ప్ దూరిన దారి ఇదన్నమాట. రైలు వెంటపడి పరిగెత్తుతున్న మనిషిలా, మైక్రోసాఫ్ట్ ఏ కొత్త వెర్షన్ వదిలినా వీళ్లు వెనకాల అందుకోవాల్సిందే. పదేళ్లు అట్లాగే పరిగెత్తారు.

మరి మైక్రోసాఫ్ట్ తాళం ఎప్పుడు తీసింది? ఇక్కడ సత్య పేరు వస్తుంది, న్యాయంగానే వస్తుంది. కానీ సీఈఓ సత్య కాదు, అంతకుముందు సత్య. 2011 నుంచి ఆయన సర్వర్లూ టూల్స్ విభాగం చూశాడు, అంటే అజ్యూర్ క్లౌడ్ ఆయన చేతిలో ఉంది. క్లౌడ్ వ్యాపారం లెక్క వేరు. ఆపరేటింగ్ సిస్టమ్ అమ్మితే లైసెన్స్ డబ్బులు. క్లౌడ్‌లో అయితే ఎవరు ఏది నడిపినా గంటల లెక్కన అద్దె. కస్టమర్ లినక్స్ కావాలంటే లేదు పొమ్మంటే, వాడు ఎదురుగా ఉన్న అమెజాన్ షాపుకి పోతాడు. 2012 జూన్‌లో అజ్యూర్‌లో లినక్స్ వర్చువల్ మెషీన్లు ప్రీవ్యూగా వచ్చాయి. అప్పటికి కంపెనీ బాస్ ఇంకా బాల్మరే, క్యాన్సర్ మాట అన్న మనిషే.

ఇల్లు అద్దెకిచ్చే ఓనర్‌కి అద్దెకున్నాయన ఏ కులపోడు, ఏం తింటాడు అన్న గొడవ ఎక్కువైతే ఇల్లు ఖాళీగా ఉంటుంది. అద్దె కావాలనుకున్న రోజున ఆ గొడవలన్నీ వాటంతటవే తగ్గుతాయి. మైక్రోసాఫ్ట్ లినక్స్‌ని ప్రేమించింది అని 2014 అక్టోబరులో సత్య స్టేజీ మీద స్లైడ్ వేసి చూపించాడు. నేనైతే ప్రేమ అనను, లెక్క అంటాను. లెక్క కుదిరింది కాబట్టి ప్రేమ పుట్టింది. అయినా ఆ లెక్క పదేళ్లపాటు కంపెనీలో ఎవరూ ఒప్పుకోలేదు కదా. ఒప్పించడం కూడా పనే, దాన్ని తక్కువ చేయను.

2014 నవంబరు 12న న్యూయార్క్‌లో ప్రకటన వచ్చింది. డాట్‌నెట్ సర్వర్ భాగం మొత్తం ఓపెన్ సోర్స్, లినక్స్, మాక్ మీద అధికారికంగా నడుస్తుంది. 2015 ఫిబ్రవరి 3న రన్‌టైమ్ గుండెకాయ కోర్‌సీఎల్‌ఆర్ సోర్స్ గిట్‌హబ్‌లో పెట్టారు. దాదాపు 26 లక్షల లైన్లు. లైసెన్స్ ఎంఐటీ. కాంపౌండ్ గోడ లేదు, ఎక్కడికైనా తోలుకోవచ్చు.

ఇప్పుడు అసలు కష్టం చూద్దాం. గ్యాస్ పొయ్యి మాస్టర్‌ని కట్టెల పొయ్యి ముందు నిలబెట్టారు. ఏం జరిగింది?

మొదటి చిక్కు, మాస్టర్ నోట్లోంచి వచ్చే ప్రతి మాటా విండోస్ మాటే. నాబ్ తిప్పు అంటాడు. కట్టెల పొయ్యికి నాబ్ ఎక్కడిది? ఆయన పక్కన ఒక మనిషిని నిలబెట్టారు. మాస్టర్ నాబ్ తగ్గించు అనగానే వీడు రెండు కట్టెలు బయటికి లాగుతాడు. మాస్టర్‌కి తేడా తెలియదు. ఈ పక్క మనిషి పేరు ప్లాట్‌ఫామ్ అడాప్టేషన్ లేయర్, షార్ట్‌గా పాల్. విండోస్ ఫంక్షన్ల పేర్లే ఉంటాయి, లోపల చేసేది లినక్స్ పని. ఈ పాల్ ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? రోటర్ నుంచి. 2002లో ఫ్రీబీఎస్‌డీ కోసం రాసింది, మధ్యలో సిల్వర్‌లైట్‌ని మాక్ మీద నడపడానికి వాడింది, దుమ్ము దులిపి మళ్లీ పట్టుకొచ్చారు. కోర్‌సీఎల్‌ఆర్ సోర్స్ తెరిచి చూస్తే కామెంట్లలో రోటర్ అన్న పేరు అక్కడక్కడా తగిలేది. తాత పేరు మనవడి ఆధార్ కార్డులో ఉన్నట్టు.

కానీ పక్క మనిషి అన్నీ మోయలేడు. ఫంక్షన్‌కి ఆర్గ్యుమెంట్లు ఎట్లా పంపాలి అన్నదే తీసుకోండి. అదే ఇంటెల్ చిప్, 64 బిట్. విండోస్‌లో మొదటి నాలుగు ఆర్గ్యుమెంట్లు రిజిస్టర్లలో పోతాయి. లినక్స్‌లో ఆరు ఇంటిజర్ ఆర్గ్యుమెంట్లు పోతాయి, రిజిస్టర్లు వేరు, వరుస వేరు. జిట్ కంపైలర్ అప్పటికప్పుడు మెషీన్ కోడ్ తయారుచేస్తుంది కాబట్టి ఈ తేడా దాని ఎముకల్లోకి ఎక్కాలి. ఒక్క రిజిస్టర్ అటూఇటూ అయితే ప్రోగ్రామ్ ఎర్రర్ కూడా చెప్పకుండా పిచ్చి జవాబు ఇస్తుంది.

ఇంకోటి. సీ షార్ప్‌లో నల్ ఆబ్జెక్ట్‌ని ముట్టుకుంటే నల్ రిఫరెన్స్ ఎక్సెప్షన్ వస్తుంది కదా, ఇంటర్న్‌షిప్ మొదటి వారంలోనే అందరికీ పరిచయమైపోతుంది. అది వచ్చేది రన్‌టైమ్ ప్రతిసారీ చెక్ చేయడం వల్ల అనుకుంటున్నారా? చాలాసార్లు చెక్ చేయదు. ధైర్యంగా మెమరీ ముట్టుకుంటుంది, ప్రాసెసర్ అరుస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ ఆ అరుపుని పట్టుకుని చెప్తుంది, అప్పుడు రన్‌టైమ్ దాన్ని ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. విండోస్‌లో ఆ అరుపు వచ్చే దారి ఒకటి, లినక్స్‌లో సిగ్నల్ రూపంలో వస్తుంది. సిగ్నల్ హ్యాండ్లర్ లోపల చేయకూడని పనులు బోలెడు. దాన్ని పట్టుకుని, స్టాక్ వెనక్కి విప్పుకుంటూ, మీ క్యాచ్ బ్లాక్ దాకా పోవాలి. గార్బేజ్ కలెక్టర్‌ది ఇంకో గోల. చెత్త ఊడ్చేటప్పుడు థ్రెడ్లన్నీ కాసేపు ఆగాలి. విండోస్‌లో పక్క థ్రెడ్‌ని ఆపేసే ఫంక్షన్ నేరుగా ఉంది. లినక్స్‌లో అట్లాంటిది లేదు. సిగ్నల్ పంపి, రిటర్న్ అడ్రస్ మార్చి, నానా తంటాలు పడి ఆపాలి.

మన తెలుగుకి సంబంధించింది కూడా ఒకటుంది. డాట్‌నెట్‌లో ఒక్కో క్యారెక్టర్ 2 బైట్లు. విండోస్‌లో సీ భాష వైడ్ క్యారెక్టర్ కూడా 2 బైట్లే, కాబట్టి ఇద్దరికీ జోడీ కుదిరింది. లినక్స్‌లో అదే టైప్ 4 బైట్లు. అమ్మ అన్న మాట తీసుకోండి. అ, మ, హల్లు గుర్తు, మళ్లీ మ. మొత్తం 4 యూనికోడ్ గుర్తులు. డాట్‌నెట్ మెమరీలో 8 బైట్లు, లినక్స్ వైడ్ క్యారెక్టర్లలో 16, ఫైల్‌లో యూటీఎఫ్ 8గా రాస్తే 12. ఒకే అమ్మకి మూడు కొలతలు. ఎక్కడ ఏ కొలత నడుస్తోందో తప్పితే అక్షరాలు ముక్కలవుతాయి. ఇక తెలుగు పేర్లని అకారాది క్రమంలో పెట్టాలంటే విండోస్‌కి సొంత పట్టికలు ఉన్నాయి. లినక్స్‌లో ఆ పనికి ఐసీయూ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని పట్టుకున్నారు. చిన్న కంటైనర్‌లో డాట్‌నెట్ పెట్టి, ఐసీయూ దొరకలేదన్న ఎర్రర్ చూసి తల పట్టుకున్న వాళ్లకి ఇప్పుడు ఆ ఎర్రర్ పుట్టిల్లు తెలిసింది కదా. తర్వాత డాట్‌నెట్ 5 నుంచి విండోస్‌లో కూడా ఐసీయూనే వాడటం మొదలుపెట్టారు. పక్కింటి కోసం కొన్న గిన్నె మనింట్లోనే స్థిరపడ్డట్టు.

ఈ పనంతా మైక్రోసాఫ్ట్ ఉద్యోగులే చేశారా అంటే, కాదు. సోర్స్ గిట్‌హబ్‌లోకి వచ్చిన కొద్ది రోజుల్లోనే మాక్ పోర్ట్ బయటివాళ్ల చేతుల మీదుగా మొదలైంది, అదీ గతంలో మోనో మీద పనిచేసిన మనిషి చేత. ఫ్రీబీఎస్‌డీ పోర్ట్ కూడా అదే ఏడాది ఇష్టంతో పనిచేసే జనమే భుజానికెత్తుకున్నారు. 2016 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ జామరిన్‌ని కొనేసింది. పదిహేనేళ్లు వెంటపడి పరిగెత్తినవాళ్లని చివరికి రైలే ఆగి ఎక్కించుకుంది. 2016 జూన్ 27న డాట్‌నెట్ కోర్ 1.0 విడుదల. ఎక్కడ అనుకున్నారు? లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ వాళ్ల సభలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో.

రోటర్ 1.0 నుంచి లెక్కేస్తే దాదాపు 14 ఏళ్లు. జిట్, గార్బేజ్ కలెక్టర్, అక్షరాల కొలతలు, ఇవన్నీ కష్టమే, ఇందాక చూశాం. కానీ వాటికి పట్టింది ప్రకటన నుంచి విడుదల దాకా 19 నెలలు. మిగతా కాలమంతా లైసెన్స్ కాగితం మీద ఒక లైన్ మారడానికి పట్టింది.

అందుకే ఆ రీల్స్ చూస్తే నాకు కొంచెం చిరాకు. మనోడు సీఈఓ అయ్యాడని సంతోషం నాకూ ఉంది. కానీ పేరు ఒక్కరికే రాసేస్తే, భయం మధ్య మోనో రాసినవాళ్లు ఏమైపోవాలి? రోటర్‌లో పాల్ రాసినవాళ్లు? హైటెక్ సిటీలో కూర్చుని, ఐదేళ్లకి మూతపడే జే షార్ప్ కోసం జావా లైబ్రరీలు ఒక్కొక్కటే తిరగరాసినవాళ్లు? వాళ్ల పేర్లు మనకి తెలియవు. గర్వపడాల్సిన హైదరాబాద్ కథ సీఈఓ కుర్చీ దగ్గర ఎంత ఉందో, ఆ క్యూబికల్స్‌లో అంతే ఉంది.

దీనివల్ల మన దగ్గర ఏం మారింది అంటారా? మన ఇబ్రహీంపట్నం, మంగళ్‌పల్లి చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు తెల్లారితే క్యూ కడతాయి. ఆ బస్సుల్లో కూర్చునే పిల్లల్లో చాలామంది దగ్గర ఉండేది సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్. 4 జీబీ ర్యామ్ మీద విండోస్, ఆపైన ఫుల్ విజువల్ స్టూడియో వేస్తే మెషీన్ మూలుగుతుంది. నేను బీటెక్ చదివేటప్పుడు డాట్‌నెట్ జాబ్ కావాలంటే ఆ మూలుగు భరించాల్సిందే అనుకునేవాళ్లం. సీనియర్లు చెప్పేదీ అదే. ఇప్పుడు అదే పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుని, టెర్మినల్‌లో ఒక్క ఆప్ట్ కమాండ్‌తో డాట్‌నెట్ దించుకోవచ్చు. 2022 ఆగస్టు నుంచి ఉబుంటు సొంత ప్యాకేజీల్లోనే అది ఉంది, మైక్రోసాఫ్ట్ సైట్ దాకా పోవాల్సిన పని కూడా లేదు. ఒక మామూలు ఎడిటర్ చాలు. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే కాలం నుంచి ఇక్కడికి వచ్చాం. ఇబ్బందులు లేవని కాదు. ఇప్పటికీ విండోస్ డెస్క్‌టాప్ ఫారమ్‌లు చేసే భాగం విండోస్‌లోనే నడుస్తుంది. రికార్డు బుక్‌లో ఆ ప్రోగ్రామ్స్ ఉంటే ల్యాబ్ సిస్టమ్ దగ్గర లైన్‌లో నిలబడాల్సిందే.

మోనో సంగతి ఏమైందంటారా? 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఆ ప్రాజెక్టు బాధ్యతని వైన్ వాళ్ల చేతికి అప్పగించింది. లినక్స్ మీద విండోస్ ప్రోగ్రామ్స్ నడిపే వైన్ గుర్తుందిగా, వాళ్లకే.

ఇక ఫ్రీబీఎస్‌డీ. 2002లో మైక్రోసాఫ్ట్ అందరికంటే ముందు గడప తొక్కిన ఓపెన్ సోర్స్ ఇల్లు అదే కదా. ఇవ్వాళ డాట్‌నెట్ డౌన్‌లోడ్ పేజీకి పోయి చూడండి. విండోస్ ఉంది, లినక్స్ ఉంది, మాక్ ఉంది. ఫ్రీబీఎస్‌డీ లేదు. అక్కడ డాట్‌నెట్ కావాలంటే ఫ్రీబీఎస్‌డీ జనం తమ పోర్ట్స్ ట్రీలో తామే పెట్టుకుని, తామే రిపేర్ చేసుకుంటూ నడుపుకుంటున్న ప్యాకేజీనే దిక్కు. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఖాళీ చూసుకుని కూర్చుని, మాస్టర్‌ని మళ్లీ ఆ పొయ్యి ముందు నిలబెడుతున్నారు.